చిన్న లేత్‌కి పార్టింగ్ టూల్ బిగించడం: చూడాల్సింది బ్లేడు కింద

చిన్న లేత్ మీద, అంటే లోహపు రాడ్‌ని తిప్పుతూ కోసే మిషన్ మీద, మిగతా పనులన్నీ ఏదో ఒక రకంగా సాగిపోతాయి. టర్నింగ్ (రాడ్ చుట్టూ చెక్కడం) వస్తుంది, ఫేసింగ్ (చివరి ముఖాన్ని చదును చేయడం) వస్తుంది, కాస్త ఓపిక పడితే బోరింగ్ (రంధ్రం లోపల కోయడం) కూడా వస్తుంది. తయారైన ముక్కను రాడ్ నుంచి కోసి వేరుచేయాల్సి, అంటే పార్టింగ్ చేయాల్సి వచ్చినప్పుడే అసలు టెన్షన్ మొదలవుతుంది. పార్టింగ్ బ్లేడు రెండు మిల్లీమీటర్లు లోపలికి దిగుతుంది, మిషన్ మొత్తం కీచుమని అరుస్తుంది, ఠప్పుమని ఒక చప్పుడు, అంతే, మోటారు నిలబడిపోతుంది. బ్లేడు విరిగి ఉంటుంది, లేదా జాబ్ (కోస్తున్న లోహం) దాన్ని పట్టుకునే చక్‌లో పక్కకు ఒరిగిపోయి ఉంటుంది. ఆ తర్వాత చాలామంది ముందు చేసే పని ఇంకో బ్లేడు కొనడం. ఇంకాస్త మందమైనదో, కార్బైడ్ ఇన్సర్ట్ (కొనకు బిగించే గట్టి పలుకు) ఉన్నదో తెస్తారు. అదీ అలాగే అరుస్తుంది.

నిజానికి తప్పు బ్లేడుది కావడం అరుదు. కొన మీద పడే బలం బ్లేడు నుంచి హోల్డర్‌కి, హోల్డర్ నుంచి దాన్ని పట్టే టూల్ పోస్ట్‌కి, అక్కడి నుంచి కాంపౌండ్ స్లైడ్ (పైన ఉండే చిన్న స్లైడ్), క్రాస్ స్లైడ్ (జాబ్ వైపుకి అడ్డంగా జరిగేది), క్యారేజ్ (మిషన్ పొడవునా జరిగేది) మీదుగా చివరికి అడుగున ఉండే బెడ్‌కి చేరాలి. ఇన్ని మజిలీల్లో ఏ ఒక్కటి వదులుగా ఉన్నా పార్టింగ్ చెడుతుంది. టర్నింగ్‌లో ఆ వదులు బయటపడదు, పార్టింగ్‌లో తప్పకుండా బయటపడుతుంది. అందుకే పార్టింగ్ టూల్ అమర్చడమంటే బ్లేడును హోల్డర్‌లో దూర్చి బోల్టు తిప్పడం కాదు, కొన నుంచి బెడ్ దాకా ఉన్న ఆ దారిని వీలైనంత పొట్టిగా, బిర్రుగా చేయడం.

ఇక్కడ చిన్న లేత్ అంటున్నది హాబీ వాళ్ల దగ్గర ఎక్కువగా కనిపించే మినీ లేత్‌ని. సుమారు 180 మి.మీ. స్వింగ్ (తిప్పగల గరిష్ఠ వ్యాసం), 250 నుంచి 350 మి.మీ. పొడవు, ఒకరిద్దరు కలిసి ఎత్తి బల్ల మీద పెట్టగల బరువు. ఫ్యాక్టరీ లేత్ టన్నుకు పైగా తూగుతుంది. పార్టింగ్ గురించి పుస్తకాల్లో ఉండే అంకెలు చాలావరకు ఆ బరువైన మిషన్లకు రాసినవే. వాటిని యథాతథంగా ఇక్కడికి తెచ్చుకుంటే తంటా.

పార్టింగ్‌లో అంత ఇబ్బంది ఏముంది?

మామూలు టర్నింగ్ టూల్ ఒక మూలతో కోస్తుంది. తెగిన చిప్‌కి (లోహపు పొట్టుకి) బయట కావలసినంత ఖాళీ ఉంటుంది. పార్టింగ్ బ్లేడు అలా కాదు, తన వెడల్పు మొత్తంతో ఒకేసారి కోస్తుంది. అదీ రెండు గోడల మధ్య సన్నటి గాడిలో. తెగిన చిప్ వెడల్పు గాడి వెడల్పుకి సమానం, కాబట్టి అది గోడలను రాసుకుంటూనే పైకి రావాలి. గాడి లోతు పెరిగేకొద్దీ ఆ ప్రయాణం పొడవవుతుంది. ఎక్కడో ఒకచోట చిప్ మడతపడి ఇరుక్కుంటే, వెనకాల వచ్చేదంతా దాని మీదే పేరుకుంటుంది. కార్బైడ్ ఇన్సర్టుల పైభాగంలో చిన్న గుంతలు, గట్లు కనిపిస్తాయి కదా, అవి అందం కోసం కాదు. చిప్‌ని నిలువునా కాస్త మడిచి గాడి కంటే సన్నం చేయడానికే. చదునైన పైభాగం ఉన్న హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) బ్లేడుకి ఆ సౌకర్యం లేదు. అందుకే పాత టర్నర్లు కొందరు బ్లేడు పైన సన్నటి వి ఆకారపు గాడి పట్టుకుంటారు.

ఇక బలం సంగతి. 2 మి.మీ. బ్లేడుతో మైల్డ్ స్టీల్‌ని ఒక్కో చుట్టుకు 0.05 మి.మీ. చొప్పున కోస్తున్నామనుకోండి. చిప్ అడ్డుకోత 0.1 చదరపు మి.మీ. మైల్డ్ స్టీల్ కోతకు చదరపు మిల్లీమీటరుకు సుమారు 2000 నుంచి 3000 న్యూటన్లు పడుతుంది. అంటే కొనను కిందికి నొక్కే బలం 200 నుంచి 300 న్యూటన్లు, మన లెక్కలో 20 నుంచి 30 కిలోల బరువు. సన్నటి రేకు లాంటి బ్లేడు చివర 25 కిలోల బరువు వేలాడదీసి, అది వెంట్రుకవాసి కూడా కదలకూడదని కోరుకుంటున్నాం. 3 మి.మీ. బ్లేడు పెడితే ఆ బరువు ఒకటిన్నర రెట్లవుతుంది. చిన్న లేత్‌కి మందమైన బ్లేడు మందు కాకపోవడానికి సగం కారణం ఇదే.

కొన ఎటు జారుతుంది?

బలానికి ఏదైనా కాస్త వంగుతుంది, ఉక్కు కూడా. అసలు ప్రశ్న వంగుతుందా లేదా అన్నది కాదు, వంగినప్పుడు కొన ఎటు వెళ్తుందన్నది.

టూల్ మనవైపు ఉంది, దాని కొన జాబ్ వైపు చాచుకుని ఉంది. జాబ్ తిరుగుతూ కొనను కిందికి తోస్తోంది. టూల్ పోస్ట్, దాని కిందున్న స్లైడ్లు అన్నీ కలిసి రవ్వంత ముందుకు ఒరుగుతాయి. ఆ ఒరుగుడుకు ఇరుసు ఎక్కడుంది? కొన ఎత్తులో లేదు, బాగా కింద, స్లైడ్లు ఒకదానిమీద ఒకటి కూర్చున్న చోట ఉంది. ఇరుసు కింద ఉండి కొన పైన ఉంటే, ఒరిగినప్పుడు కొన కిందికి దిగడమే కాదు, జాబ్ వైపుకి కూడా జరుగుతుంది. అంటే మనం హ్యాండిల్ తిప్పకుండానే కోత లోతు పెరిగింది. లోతు పెరిగితే బలం పెరుగుతుంది, బలం పెరిగితే ఇంకా ఒరుగుతుంది, ఒరిగితే ఇంకా లోతు. మనం కళ్లార్పేలోపు ఈ చక్రం పూర్తయిపోతుంది. ఠప్పుమన్న ఆ చప్పుడు వెనక జరిగింది ఇదే.

గోరుచుట్టు మీద రోకటిపోటులా దీనికి క్రాస్ స్లైడ్ స్క్రూలోని బ్యాక్‌లాష్, అంటే స్క్రూకీ నట్‌కీ మధ్య ఉండే వదులు (ప్లే), తోడవుతుంది. మినీ లేత్‌లో 0.1 నుంచి 0.2 మి.మీ. ప్లే ఉండటం మామూలే. టర్నింగ్‌లో బలం టూల్‌ని మనవైపుకి నెడుతుంది కాబట్టి ఆ ప్లే ఒకవైపుకి ఆనుకుని ఉండిపోతుంది. పార్టింగ్‌లో బ్లేడు కరుచుకున్న క్షణంలో జాబ్ స్లైడ్‌ని తన వైపుకి లాక్కుంటుంది. 0.15 మి.మీ. ప్లే ఉంటే స్లైడ్ ఒక్కసారిగా అంత ముందుకు దూకగలదు. మనం ఇస్తున్న ఫీడ్ చుట్టుకు 0.04 అనుకుంటే, అది దాదాపు నాలుగు రెట్లు.

మిషన్ ఆపి ఉంచి ఈ ఒరుగుడును కళ్లతో చూడొచ్చు. డయల్ గేజ్ బేస్‌ని బెడ్ మీద పెట్టి, దాని సూదిని అడ్డంగా, బ్లేడు కొన ముందుభాగానికి ఆనించండి. బ్లేడు కొన పైన ఒక చెక్కముక్క పెట్టి చేత్తో గట్టిగా కిందికి నొక్కండి. పది పదిహేను కిలోల బలం సులభంగానే వస్తుంది. ముల్లు ఎంత కదిలిందో చూడండి. ఇప్పుడు కాంపౌండ్ గిబ్ (స్లైడ్ వదులును సర్దే పట్టీ) బిగించి మళ్లీ నొక్కండి. తర్వాత క్రాస్ స్లైడ్ గిబ్, తర్వాత క్యారేజ్. ఒక్కో బిగింపుతో ముల్లు కదలిక ఎంత తగ్గిందో చూస్తే మీ మిషన్‌లో అసలు దొంగ ఎవరో తెలిసిపోతుంది. కొత్త బ్లేడు కొనే ముందు పావుగంట ఈ పనికి పెట్టడం మేలు. చాలా మినీ లేత్‌లలో ఆ దొంగ కాంపౌండ్ స్లైడే.

కాంపౌండ్ స్లైడ్ సంగతి

కాంపౌండ్ అంటే టేపర్లు (శంకు ఆకారాలు) తిప్పడానికి, థ్రెడ్ కోతకు పనికొచ్చే చిన్న పై స్లైడ్. చిన్న లేత్‌లో దాని డవ్‌టెయిల్ (స్లైడ్ జారే ఏటవాలు అంచుల గాడి) ఇరుకు, గిబ్ పల్చన, కింద తిరిగే బేస్‌ని పట్టి ఉంచేవి రెండు బోల్టులు. పార్టింగ్‌కి దాంతో పనే లేదు. అలాంటప్పుడు అది దారిలో ఉండటం ఎందుకు?

తీసేయడం ఇష్టం లేకపోతే కనీసం దాన్ని వెనక్కి లాగి, పై భాగం కింది భాగం మీద పూర్తిగా కూర్చునేలా చూడండి. ముందుకు పొడుచుకు వచ్చి ఉంటే దాని కింద ఆధారం ఉండదు. గిబ్ స్క్రూలను స్లైడ్ ఇక కదలనంతగా బిగించేయండి, తర్వాత మళ్లీ సడలించుకోవచ్చు. బేస్ బోల్టులు మళ్లీ ఒకసారి చూడండి.

తీసేయడానికి సిద్ధమైతే, దాని స్థానంలో అంతే ఎత్తున్న స్టీల్ లేదా కాస్ట్ ఐరన్ దిమ్మ ఒకటి చేసి, టూల్ పోస్ట్‌ని నేరుగా దాని మీద బిగించవచ్చు. రెండు కదిలే కీళ్లు ఒక్క దెబ్బతో పోతాయి. చిన్న లేత్‌కి చేసుకోగల మార్పుల్లో ఇంత తక్కువ శ్రమకి ఇంత లాభం ఇచ్చేది నాకు ఇంకోటి కనిపించదు. స్పిండిల్ (చక్‌ని తిప్పే ఇరుసు) బాల్ బేరింగులు మార్చి టేపర్ రోలర్ బేరింగులు వేసుకునే వాళ్లున్నారు, చాలా మినీ లేత్‌లలో 6206 తీసి 30206 వేస్తారు. అదీ మంచిదే. కానీ అది స్పిండిల్ ఉండే హెడ్‌స్టాక్ అంతా విప్పే పని, దిమ్మ పెట్టుకోవడం ఒక్క సాయంత్రంలో అయిపోయే పని. దిమ్మతో ముందు మొదలుపెట్టమనే నా సలహా.

క్యారేజ్‌ని బెడ్‌కి లాక్ చేయడం తప్పనిసరి. పార్టింగ్ సమయంలో క్యారేజ్ పొడవునా కదిలితే బ్లేడు పక్కకు వంగుతుంది, సన్నటి బ్లేడు ఆ దిశలోనే బలహీనం. చాలా మినీ లేత్‌లకు క్యారేజ్ లాక్ ఉండదు. బెడ్ అడుగుభాగాన్ని పట్టుకునేలా ఒక ప్లేటు, దాన్ని పైకి లాగే ఒక బోల్టు, ఇంతే కావాలి. అప్పటిదాకా లీడ్ స్క్రూ (క్యారేజ్‌ని నడిపే పొడవాటి స్క్రూ) తిరగకుండా గేర్ విడదీసి, క్యారేజ్‌ని దానికి పట్టించే హాఫ్ నట్ మూసి ఉంచితే కొంతవరకు పట్టు దొరుకుతుంది. క్రాస్ స్లైడ్‌ని మాత్రం లాక్ చేయలేం, కదలాల్సింది అదే కాబట్టి. దాని గిబ్‌ని మామూలు కంటే కాస్త బిగువుగా, హ్యాండిల్ తిప్పుతుంటే చేతికి బరువు తెలిసేలా పెట్టుకోవాలి. ఆ బిగువే బ్యాక్‌లాష్ దూకుడుకి కొంత కళ్లెం వేస్తుంది.

ఏ బ్లేడు?

చిన్న లేత్‌కి 1.5 నుంచి 2 మి.మీ. వెడల్పు చాలు. బ్లేడు పక్కకు వంగకుండా నిలిచే శక్తి దాని మందం ఘనంతో పెరుగుతుంది. అంటే 3 మి.మీ. బ్లేడు 1.5 బ్లేడు కంటే పక్కకు ఎనిమిది రెట్లు గట్టిది. ఈ లెక్క చూసే చాలామంది మందమైనదాని వైపు మొగ్గుతారు. కానీ కోతకు పట్టే బలం కూడా రెట్టింపవుతుంది, ఆ భారం మోయాల్సింది బ్లేడు ఒక్కటే కాదు, కింద ఉన్నదంతా. బ్లేడు పక్కకు వంగే సమస్యను చతురస్రం (బ్లేడు జాబ్‌కి లంబంగా ఉండటం) సరిచూసుకుని, పొడవు తగ్గించుకుని చాలావరకు దాటవచ్చు. మిషన్ ఒరగడాన్ని అలా దాటలేం.

పొడవు విషయానికొస్తే, బయటికి చాచిన పొడవు రెట్టింపైతే వంపు ఎనిమిది రెట్లవుతుంది. కాబట్టి రాడ్ సగం వ్యాసానికి రెండు మూడు మిల్లీమీటర్లు కలిపినంత మేరే బ్లేడు బయటికి ఉండాలి. 25 మి.మీ. రాడ్‌కి 15 మి.మీ. చాలు. ఒకసారి 30 మి.మీ. బయటికి లాగి బిగించేసి, అన్ని సైజులకూ అదే వాడే అలవాటు చాలా బ్లేడ్ల ప్రాణం తీస్తుంది. రాడ్ కూడా అంతే, కోత చక్ దవడలకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. వ్యాసానికి మించిన దూరంలో కోయకపోవడమే క్షేమం. రాడ్ చివరను టెయిల్‌స్టాక్ సెంటర్‌తో (చక్‌కి ఎదురుగా ఉండే మొనతో) పట్టి పూర్తిగా కోయాలని మాత్రం చూడకండి. ముక్క రెండువైపులా పట్టుబడి ఉంటే, తెగే ముందు అది వంగి బ్లేడును నొక్కేస్తుంది.

హెచ్ఎస్ఎస్ బ్లేడా, కార్బైడ్ ఇన్సర్టా అన్న చర్చకు అంతు లేదు. నా ఓటు నెమ్మదిగా తిరిగే చిన్న మిషన్ మీద హెచ్ఎస్ఎస్‌కి. దాని అంచు కత్తిలా పదునుగా ఉంటుంది, తక్కువ ఫీడ్‌కి కూడా తెగుతుంది, మొండిబారితే సాన పట్టుకోవచ్చు. సాన పట్టేది ముందు ముఖం ఒక్కటే, 5 నుంచి 8 డిగ్రీల క్లియరెన్స్‌తో (ముఖం అంచు కింద వెనక్కి తగ్గే వాలుతో), ఆ తర్వాత ఆయిల్ స్టోన్ మీద ఒకటి రెండు సార్లు రాయడం. స్టీల్ కోసే కార్బైడ్ ఇన్సర్ట్ అంచు సాధారణంగా రవ్వంత గుండ్రంగా ఉంటుంది, దానికి గట్టి ఫీడ్ కావాలి, లేకపోతే కోయదు, రుద్దుతుంది. మోటారు ఒకసారి నిలబడిపోతే ఇన్సర్ట్ మూల ఎగిరిపోవడం కూడా మామూలే. అయినా ఇన్సర్టే కావాలనుకుంటే 10 మి.మీ. షాంక్‌తో, 2 మి.మీ. ఇన్సర్ట్ పట్టే చిన్న హోల్డర్లు దొరుకుతాయి. అవి ఎంత లోతు కోయగలవో కొనే ముందే చూసుకోవాలి. 26 మి.మీ. ఎత్తు బ్లేడ్లు, వాటి దిమ్మలు మాత్రం ఈ మిషన్ల కోసం చేసినవి కావు, టూల్ పోస్ట్ మీద కూర్చోబెడితే కొన సెంటర్ దాటి పైకి పోతుంది.

అంచు ఏటవాలుగా సాన పట్టిన బ్లేడు గురించి ఒక మాట. కుడివైపు మూల ముందుకు ఉండేలా ఏటవాలు పెడితే, తెగిపడే ముక్క మీద చిన్న మొటిమ మిగలకుండా అది రాడ్ వైపు మిగులుతుంది. చూడటానికి బాగుంటుంది. కానీ ఆ ఏటవాలు బ్లేడును పక్కకు తోస్తుంది, లోతు గాడిలో బ్లేడు దారి తప్పి ముఖం గిన్నెలా గుంతపడుతుంది. సన్నటి గొట్టాలకు, చిన్న పిన్నులకు ఏటవాలు సరే. 15 మి.మీ. దాటిన గట్టి రాడ్‌కి నేరు అంచే మంచిది, మొటిమను తర్వాత ఫేసింగ్‌లో తీసేయవచ్చు.

ఎత్తు, చతురస్రం

బ్లేడు అంచు స్పిండిల్ సెంటర్ ఎత్తుకు 0.1 మి.మీ. లోపు ఉండాలి. ఇంత పట్టుదల ఎందుకో ఒక లెక్కతో చెప్తాను. అంచు 0.3 మి.మీ. పైన ఉందనుకుందాం. 20 మి.మీ. రాడ్ బయటి అంచున దాని ప్రభావం 1.7 డిగ్రీలు, పట్టించుకోనక్కర్లేదు. కోత లోపలికి వెళ్లి 4 మి.మీ. వ్యాసం మిగిలేసరికి అదే 0.3 మి.మీ. 8.6 డిగ్రీలవుతుంది. మనం పట్టిన ముందు క్లియరెన్స్ 7 డిగ్రీలే అయితే అది మొత్తం కరిగిపోయినట్టే. ఇప్పుడు అంచు కోయడం లేదు, అంచు కింది ముఖం రుద్దుతోంది. బయట అంతా బాగా తెగి, చివర్లో మొరాయించే బ్లేడు కథ చాలాసార్లు ఇదే. అంచు కిందికి ఉంటే రుద్దడం ఉండదు కానీ 0.6 మి.మీ. మొటిమ తెగకుండా మిగులుతుంది, సన్నబడిన జాబ్ బ్లేడు మీదికి ఎక్కి కూర్చోవాలని చూస్తుంది. బ్లేడు కొంచెం పొడవుగా చాచాల్సి వస్తే, బరువుకు అది కిందికి వంగుతుంది కాబట్టి ఆ 0.1 మి.మీ. పైకి పెట్టుకోవడం సబబు.

ఎత్తు చూసుకోవడానికి స్టీల్ స్కేలు చాలు. గుండ్రటి రాడ్‌కీ బ్లేడు కొనకీ మధ్య స్కేలును నిలువుగా పెట్టి, క్రాస్ స్లైడ్‌ని నెమ్మదిగా తిప్పి మెత్తగా నొక్కించండి. స్కేలు నిటారుగా నిలబడితే సెంటర్ కుదిరింది. స్కేలు పై భాగం మీవైపు వాలితే కొన కిందికి ఉంది, అవతలివైపు వాలితే పైకి ఉంది. కార్బైడ్ కొన అయితే ఇంకా మెత్తగా, ఆ అంచు పెళుసు.

ఫోర్ వే టూల్ పోస్ట్ వాడుతుంటే ఎత్తు కుదర్చడానికి షిమ్‌లు (పల్చటి రేకులు) వేయాలి. అవి బ్లేడు హోల్డర్ అడుగు మొత్తం పరుచుకునేలా, ముందు అంచుదాకా ఉండాలి. వెనకాల మాత్రమే ఉన్న షిమ్ మీద హోల్డర్ ముందుకు తల వాలుస్తుంది. క్విక్ చేంజ్ టూల్ పోస్ట్ అయితే ఎత్తు స్క్రూతో కుదురుతుంది. మినీ లేత్‌కి ఓఎక్స్ఏ సైజు సరిపోతుంది. క్విక్ చేంజ్ పోస్ట్ వల్ల టూల్ మరింత ముందుకు వేలాడుతుందని గుర్తుంచుకోవాలి, సౌకర్యానికి అది మనం ఇచ్చుకునే మూల్యం. కొన్ని బ్లేడ్ హోల్డర్లు బ్లేడును కొద్దిగా పైకి ఏటవాలుగా పట్టుకుంటాయి, దానివల్ల స్టీల్‌కి కావలసిన పై వాలు (అంచు పైముఖం వెనక్కి వాలడం) సహజంగా వస్తుంది. అయితే వాటిలో బ్లేడును ముందుకు వెనక్కి జరిపినప్పుడల్లా కొన ఎత్తు మారుతుంది, ప్రతిసారీ సెంటర్ మళ్లీ చూసుకోవాలి.

చతురస్రం ఇంకా సులభంగా మోసం చేస్తుంది. బ్లేడు జాబ్ అక్షానికి లంబంగా ఉండాలి. ఒక్క డిగ్రీ తేడా ఉంటే 15 మి.మీ. లోతులో బ్లేడు వెనక భాగం 0.26 మి.మీ. పక్కకు ఉంటుంది. 2 మి.మీ. ఇన్సర్ట్ వెనక 1.6 మి.మీ. మందం బ్లేడు ఉందనుకుంటే ఒక్కో వైపు ఉన్న ఖాళీ 0.2 మి.మీ. మాత్రమే. అంటే ఆ ఒక్క డిగ్రీకే బ్లేడు గోడను రాసుకుంటుంది. కంటితో చూసి ఒక్క డిగ్రీ పట్టుకోగలమా అంటే కష్టమే. బ్లేడు పక్కభాగాన్ని చక్ ముఖానికి ఆనించి కుదర్చడం ఒక పద్ధతి. డయల్ గేజ్‌ని హెడ్‌స్టాక్‌కి పట్టించి, సూదిని బ్లేడు పక్కకి ఆనించి, క్రాస్ స్లైడ్‌ని ముందుకు వెనక్కి జరపడం ఇంకా నమ్మకమైన పద్ధతి. పక్కలకు వాలు లేని బ్లేడైతే ముల్లు కదలకూడదు. పై నుంచి చూసినప్పుడే కాదు, ఎదురుగా చూసినప్పుడు కూడా బ్లేడు నిటారుగా ఉందో లేదో ఒక చిన్న మూలమట్టంతో చూడండి.

తలకిందులుగా పెడితే?

కొన ఒరిగి లోపలికి దూరడమే సమస్య అయితే, ఒరిగినప్పుడు బయటికి వచ్చేలా పెట్టలేమా? పెట్టవచ్చు. క్రాస్ స్లైడ్ వెనకవైపు ఒక టూల్ పోస్ట్ పెట్టి, బ్లేడును తలకిందులుగా బిగిస్తారు. జాబ్ వెనకవైపు కింది నుంచి పైకి తిరుగుతుంది కాబట్టి బలం కొనను పైకి ఎత్తుతుంది. ఇరుసు కిందే ఉంది కనుక, పైకి లేచే కొన జాబ్ నుంచి దూరంగా జరుగుతుంది. లోతు తగ్గుతుంది, బలం తగ్గుతుంది. తనను తాను సర్దుకుంటుందన్నమాట. ఇంకో లాభం, జాబ్ మీద ప్రతిబలం కిందికి పడుతుంది, స్పిండిల్ తన బేరింగుల్లో కిందికే ఒత్తుకుంటుంది. చిప్ కూడా గాడిలో పేరుకోకుండా కిందికి రాలిపోతుంది. మైఫోర్డ్, షెర్లైన్ లాంటి చిన్న లేత్‌ల వాళ్లలో వెనక టూల్ పోస్ట్‌కి ఇంత ఆదరణ ఉండటానికి ఇదే కారణం.

మినీ లేత్ క్రాస్ స్లైడ్ పొట్టిగా ఉంటుంది, దాని మీద టి స్లాట్లు (బోల్టులు పట్టే గాడులు) ఉండవు. వెనకాల పోస్ట్ పెట్టాలంటే రంధ్రాలు వేసుకోవాలి, లేదా పొడవాటి స్లైడ్ చేసుకోవాలి. దీనికి అడ్డదారి ఉంది. బ్లేడును ముందు పోస్ట్‌లోనే తలకిందులుగా పెట్టి, స్పిండిల్‌ని రివర్స్‌లో తిప్పడం. లెక్క అదే, కొన పైకి లేచి బయటికి వస్తుంది. అయితే ఇక్కడ రెండు షరతులు. చక్ స్పిండిల్‌కి థ్రెడ్‌తో ఎక్కే రకమైతే రివర్స్‌లో భారం పడగానే విప్పుకుని ఊడిపోతుంది. మైఫోర్డ్, టైగ్, షెర్లైన్ ఈ కోవలోవి, వాటిలో ఈ పని చేయనే కూడదు. మినీ లేత్‌లో చక్ ఫ్లాంజ్‌కి బోల్టులతో ఉంటుంది కాబట్టి ఆ భయం లేదు. రెండో షరతు క్యారేజ్ గురించి. మామూలు కోతలో బలం క్యారేజ్‌ని బెడ్ మీదికి అదుముతుంది, తలకిందుల కోతలో పైకి ఎత్తుతుంది. అప్పుడు దాన్ని పట్టి ఉంచేవి బెడ్ అడుగున ఉండే పట్టీలు మాత్రమే. ఆ పట్టీలు వదులుగా ఉంటే వెనకటి రోగం పోయి కొత్త రోగం వస్తుంది. ముందు వాటిని సర్దుకోండి.

నడిపేటప్పుడు

స్పీడ్ టర్నింగ్‌కి వాడేదానిలో సగం లేదా అంతకంటే తక్కువ. హెచ్ఎస్ఎస్‌తో మైల్డ్ స్టీల్‌కి నిమిషానికి 12 మీటర్లు తీసుకుంటే, 20 మి.మీ. రాడ్‌కి సుమారు 190 ఆర్‌పీఎం వస్తుంది. ఇక్కడ మోటారు ఇంకో చిక్కు పెడుతుంది. ఎలక్ట్రానిక్ కంట్రోల్ ఉన్న డీసీ మోటారు నాబ్ తగ్గించినప్పుడు టార్క్ పెరగదు, పవరు మాత్రం తగ్గుతుంది. 350 వాట్ల మోటారు 2500 ఆర్‌పీఎం హై గేర్‌లో 190 దగ్గర ఇచ్చేది సుమారు 27 వాట్లు. 1100 ఆర్‌పీఎం లో గేర్‌లో అయితే 60 వాట్ల దాకా వస్తుంది. 250 న్యూటన్ల బలంతో సెకనుకు 0.2 మీటర్ల వేగంతో కోయడానికి 50 వాట్లు కావాలి. హై గేర్‌లో మోటారు నిలబడిపోవడంలో ఆశ్చర్యం లేదు. పార్టింగ్‌కి ముందు లో గేర్ వేయడం మరవకండి.

ఫీడ్ చుట్టుకు 0.04 మి.మీ. అనుకుంటే నిమిషానికి 7.6 మి.మీ. క్రాస్ స్లైడ్ స్క్రూ పిచ్ 1 మి.మీ. అయితే హ్యాండిల్ ఒక పూర్తి చుట్టుకు దాదాపు ఎనిమిది సెకన్లు. మనసులో లెక్కపెట్టుకుంటూ తిప్పండి, ఎంత నెమ్మదో తెలుస్తుంది. నెమ్మదే గానీ ఆగకూడదు. మిషన్ కీచుమనగానే చెయ్యి భయంతో ఆగిపోతుంది, అది సహజం, కానీ తప్పు. ఫీడ్ ఆగితే అంచు కోయకుండా రుద్దుతుంది, కంపనం పెరుగుతుంది, స్టెయిన్‌లెస్ అయితే ఆ పొర గట్టిపడుతుంది, తర్వాత ఒక్కసారిగా కరుచుకుంటుంది. అరుపు వినిపిస్తే ముందు స్పీడ్ తగ్గించండి, ఫీడ్‌ని కాదు. అప్పటికీ ఆగకపోతే బ్లేడును పూర్తిగా బయటికి తీసి, పైన చెప్పిన దారిలో ఎక్కడ వదులుందో చూడండి.

గాడి లోతు పెరిగాక, బ్లేడును వెనక్కి తీసి, క్యారేజ్‌ని అర మిల్లీమీటరు పక్కకు జరిపి, మళ్లీ లాక్ చేసి, గాడిని కాస్త వెడల్పు చేస్తే చిప్‌కి ఊపిరాడుతుంది. కాస్త లోహం వృథా, అంతే. పొడవాటి చిప్స్‌ని తీయడానికి మిషన్ ఆపి, కొక్కెం వాడండి. తెగిపడే ముక్కను చేత్తో పట్టుకోవద్దు. కళ్లద్దాలు సరేసరి.

స్టీల్‌కి ధారాళంగా కటింగ్ ఆయిల్, అల్యూమినియానికి కిరోసిన్. అల్యూమినియం అంచుకు అతుక్కుంటుంది కాబట్టి దానికి తడి స్టీల్ కంటే ఎక్కువ అవసరం. ఇత్తడి, కాస్ట్ ఐరన్ పొడిగానే కోయవచ్చు. ఇత్తడికి పై వాలు సున్నా ఉండాలి, వాలు ఉంటే అది బ్లేడును లోపలికి లాక్కుంటుంది.

ఇవన్నీ సరిచూసుకున్నాక కూడా మినీ లేత్‌కి ఒక హద్దు ఉంది. 25 నుంచి 30 మి.మీ. దాటిన గట్టి స్టీల్ రాడ్‌ని పూర్తిగా బ్లేడుతో కోయాలన్న పట్టుదల నాకైతే అర్థం లేనిదనిపిస్తుంది. సగం లోతు దాకా గాడి తీసి, మోటారు ఆపి ప్లగ్ పీకేసి, బెడ్ మీద చెక్కపలక పరిచి, ఆ గాడిలో హ్యాక్సా బ్లేడు పెట్టి మిగిలింది కోసేయండి. గాడి రంపానికి దారి చూపిస్తుంది, కోత వంకరపోదు. ముఖం మీద మిగిలే గీతలు ఫేసింగ్‌లో అర మిల్లీమీటరుతో పోతాయి, ముక్కను ఆ మేరకు పొడవు ఉంచుకుంటే చాలు.